పులి–మేక ఆటను ఫోన్లోకి తేవడం: ఆలోచన నుంచి ప్లే స్టోర్ దాకా ఒక వీడియో గేమ్ తయారీ

వీడియో గేమ్ చేయాలని కూర్చున్నవాళ్లు చాలామంది మొదటి నెలంతా బొమ్మలు గీయడంలో, కథ రాయడంలో, ఆటకు పేరు వెతకడంలో గడిపేస్తారు. అసలు ఆట ఆడబుద్ధి వేస్తుందా లేదా అన్నది తేలేసరికి ఉత్సాహం కాస్తా అడుగంటుతుంది. ఈ మార్గదర్శిలో వరుస అందుకు తలకిందులుగా ఉంటుంది. ముందు ఎంత వికారంగా ఉన్నా సరే, ఆడగలిగే ముక్క ఒకటి తయారు చేయాలి. అందం సంగతి తర్వాత. పెద్ద స్టూడియోలు కూడా దాదాపు ఇదే వరుసలో నడుస్తాయి. వాళ్ల దగ్గర మనుషులు, డబ్బు ఎక్కువ, అంతే.

గాల్లో సూత్రాలు చెప్పుకోవడం కంటే ఒక ఆటను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నడుద్దాం. మన ఆట పులి–మేక. కొన్నిచోట్ల పులిజూదం అంటారు. పాత గుళ్ల మండపాల్లో, రచ్చబండల మీద ఈ పటం చెక్కి ఉండటం చాలామంది చూసే ఉంటారు. పటంలో 23 కూడళ్లు. ఒకరి చేతిలో 3 పులులు, రెండోవారి చేతిలో 15 మేకలు. మేకలను వంతుకొకటి చొప్పున పటం మీద పెడతారు, అన్నీ పెట్టాకే వాటిని కదపాలి. పులి తన పక్కనున్న మేక మీదుగా అదే గీత వెంట అవతలి ఖాళీ కూడలికి దూకితే ఆ మేక పోయినట్టే. మూడు పులులకూ కదిలే దారి లేకుండా చేస్తే మేకలది గెలుపు.

మొదటి ప్రయత్నానికి ఇంతకన్నా మంచి ఆట దొరకడం కష్టం. నియమాలు తరతరాలుగా ఆడి చూసినవి, అవి ఎవరి సొంతమూ కావు. ఆటంతా ఒక్క తెర మీద ముగుస్తుంది. పరిగెత్తే మనుషుల బొమ్మలు అక్కర్లేదు. రెండు పక్షాల బలం, లక్ష్యం వేరువేరు కాబట్టి ఆలోచించడానికి చాలా ఉంటుంది.

ఒక పేజీ రాయండి, అందులో సగం "లేనివి" రాయండి

పరిశ్రమలో దీన్ని డిజైన్ డాక్యుమెంట్ అంటారు. వంద పేజీలు రాసేవాళ్లూ ఉన్నారు. మీకు ఒక్క పేజీ చాలు. ఎవరు ఆడతారు, ఒక ఆట ఎంతసేపు సాగుతుంది, ప్రతి వంతులో ఆటగాడు చేసే పని ఏమిటి, గెలుపోటములు ఎలా తేలతాయి అన్నవి పై సగంలో రాయండి. మన ఆటకైతే: బస్సులో కూర్చున్న మనిషి, పది నిమిషాలు, ఒక చేత్తో, ఇంటర్నెట్ లేకుండా.

కింది సగం అంతకన్నా ముఖ్యం. ఈ ఆటలో ఏవి ఉండవో అక్కడ రాయాలి. ఆన్‌లైన్‌లో ఇద్దరు ఆడటం ఉండదు. 3డి ఉండదు. రోజువారీ బహుమతులు, నాణేలు ఉండవు. పందెం అసలే ఉండదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది కాబట్టి ఆ వైపు చూడనవసరమే లేదు.

ఈ జాబితా లేకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే ఆటను 1997లో ప్రకటించారు. మధ్యలో ఇంజిన్లు (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) మార్చారు, కొత్త హంగులు చేర్చుకుంటూ పోయారు, చివరికి 2011లో విడుదల చేశారు. దానికి పూర్తిగా అవతలి కొసన అటారీ సంస్థ 1982లో తెచ్చిన ఈ.టీ. ఉంది. సినిమా పేరు చూసుకుని పండుగ సీజన్‌కు అందించాలని ఆ ఆటను ఒక్క ప్రోగ్రామర్ చేత సుమారు 5 వారాల్లో చేయించారు. అమ్ముడుపోని క్యాట్రిడ్జ్‌లను న్యూ మెక్సికోలో చెత్తకుప్పల కింద పూడ్చారు. 2014లో తవ్వి బయటికి తీశారు కూడా. గడువు లేకపోవడం, ఊపిరాడని గడువు పెట్టుకోవడం, రెండూ ఆటను చంపుతాయి. సాయంత్రాలు మాత్రమే పనిచేసే ఒక్క మనిషికి పులి–మేక లాంటి ఆటకు మూడు నాలుగు నెలలు సరైన గడువని నా అంచనా.

కోడ్ ముట్టుకోకముందు నేల మీద ఆడండి

సుద్దముక్కతో పటం గీసి, చింతగింజలను మేకలుగా, గవ్వలను పులులుగా పెట్టి ఇద్దరిని ఆడించండి. మీరు పక్కన కాగితం పట్టుకుని కూర్చోండి. వాళ్లు ఎక్కడ వాదులాడుకుంటారో అక్కడ మీకు పని ఉంటుంది. పులి ఒక మేకను దూకాక అదే వంతులో ఇంకో మేకను దూకవచ్చా? దూకే అవకాశం ఉన్నా దూకకుండా ఊరుకోవచ్చా? మేకలు ఇంకా పెడుతుండగానే పులులు వేటాడవచ్చా? ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు? ఇద్దరూ అవే రెండు ఎత్తులను ముందుకీ వెనక్కీ వేస్తూ పోతే ఆట ఎలా ముగుస్తుంది?

ఈ ప్రశ్నలకు ఒక్కో ఊళ్లో ఒక్కో జవాబు ఉంటుంది. అరుగు మీద పెద్దాయన ఎవరో తీర్పు చెబుతాడు. కంప్యూటర్ ముందు ఆ పెద్దాయన ఉండడు. ప్రతి తగవుకూ ఒకే జవాబు ముందే రాసి పెట్టుకోవాలి. అన్ని ఊళ్ల పద్ధతులూ సెట్టింగుల్లో పెట్టాలన్న ఆశ పుడుతుంది, దాన్ని మొదటి విడుదలకు పక్కన పెట్టండి. చివరి ప్రశ్నకు మాత్రం తప్పకుండా నియమం కావాలి. చదరంగంలో లాగా అదే స్థితి మూడుసార్లు వస్తే ఆట సమం అని పెట్టుకోవచ్చు. మనుషులు విసుగెత్తి లేచిపోతారు. కంప్యూటర్ లేవదు.

మీ ఆట బల్ల మీద ఆడేది కాక గెంతేదో, పరిగెత్తేదో అయితే కాగితం సరిపోదు. అప్పుడు ఒక్క కదలికను మాత్రమే తయారు చేసి చూడాలి. సూపర్ మారియో 64 చేసిన నింటెండో బృందం అసలు లెవెళ్ల జోలికి వెళ్లకముందు మారియోను ఒక చిన్న ప్రాంగణంలో పరిగెత్తించి, ఒక కుందేలును పట్టించడం మీదే చాలాకాలం పనిచేసింది. ఊరికే అటూ ఇటూ తిరగడమే సరదాగా ఉంటే మిగతాది దాని చుట్టూ కట్టవచ్చు.

ఇంజిన్ ఎంచుకోవడం

తెర మీద బొమ్మ వేయడం, వేలి స్పర్శ గుర్తించడం, శబ్దం వినిపించడం లాంటి పనులను ప్రతివారూ మొదటినుంచి రాసుకోనక్కర్లేకుండా గేమ్ ఇంజిన్లు వచ్చాయి. కొత్తవారికి మూడు పేర్లు తరచూ వినిపిస్తాయి. అన్‌రియల్ పెద్ద 3డి ఆటలకు. ఒక ఆట మీద వచ్చే ఆదాయం 10 లక్షల డాలర్లు దాటాక ఆపై మొత్తంలో 5 శాతం దాన్ని తయారు చేసిన ఎపిక్ సంస్థకు కట్టాలి. యూనిటీ ఫోను ఆటల్లో బాగా పాతుకుపోయినది, ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. 2023 సెప్టెంబరులో ఆ సంస్థ ఇన్‌స్టాల్‌కు ఇంత చొప్పున రుసుము అని ప్రకటించి డెవలపర్ల ఆగ్రహం చవిచూసింది, ఏడాది తర్వాత ఆ రుసుమును రద్దు చేసుకుంది. గోడో ఉచితం. ఎంఐటీ లైసెన్సుతో వచ్చే ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరికీ వాటా ఇవ్వనక్కర్లేదు. దాని భాష జీడీస్క్రిప్ట్ చూడటానికి పైథాన్‌లా ఉంటుంది.

పులి–మేకకు నేను గోడో 4నే ఎంచుకుంటాను. ఉచితం అన్నది ఒక్కటే కారణం కాదు, తెలుగు అక్షరాలు ఇంకో పెద్ద కారణం. తెలుగులో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చోవాలంటే అక్షరాలను సందర్భాన్ని బట్టి అల్లే పద్ధతి ఇంజిన్‌లో ఉండాలి. గోడో 4లో అది ఉంది. పాత గోడో 3లో లేదు. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో దీన్ని సరిగ్గా చేయదు కాబట్టి "లక్ష్మి" అని రాస్తే ఒత్తులు విడివిడిగా పక్కకు జారిపడతాయి. ఇంజిన్ ఏదైనా మొదటి రోజే "స్త్రీ", "క్ష్మా", "ర్త్వం" అని తెర మీద రాయించి చూడండి. ఆట సగం అయ్యాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

అదే రోజు గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) కూడా పెట్టుకోండి. రోజూ పని ముగియగానే ఆ రోజు మార్పులను భద్రపరిచే అలవాటు చేసుకోవాలి. హార్డ్ డిస్కు పాడైతే కోలుకోవడానికే కాదు, నిన్నటిదాకా పనిచేసింది ఈరోజు ఎందుకు పనిచేయడం లేదో తేల్చడానికి కూడా అదే దారి.

వికారమైన ప్రోటోటైప్ (తొలి నమూనా)

అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో టెట్రిస్ రాసిన ఎలక్ట్రానికా 60 యంత్రానికి బొమ్మలు వేసే శక్తే లేదు. తెర మీద అక్షరాలు మాత్రమే వచ్చేవి. ఆయన కుండలీకరణాలను పక్కపక్కన పేర్చి ముక్కలుగా వాడాడు. అప్పుడే ఆట చుట్టుపక్కలవాళ్లను పట్టుకుంది, రంగులు తర్వాత వచ్చాయి. మీ ప్రోటోటైప్‌కు కూడా గీతలు, ఎర్ర చుక్కలు, తెల్ల చుక్కలు చాలు.

ఇక కోడ్‌లో పటాన్ని ఎలా నిల్వ చేయాలన్నది చూద్దాం. కొత్తవారు సాధారణంగా "ఒకటో కూడలికి పక్కన ఇవి, రెండో కూడలికి పక్కన అవి" అని పొరుగు జాబితా రాసుకుంటూ పోతారు. కదలికలకు అది సరిపోతుంది, దూకడానికి సరిపోదు. పులి తిన్నగా ఒకే గీత వెంట దూకాలి. పొరుగు జాబితాలో తిన్నదనం అన్న సమాచారమే లేదు. మేక మీదుగా వెళ్లి పక్కకు మలుపు తిరిగి దిగే పులి అక్కడే పుడుతుంది.

అందుకని కూడళ్లను కాక గీతలను రాయండి. పటంలో శిఖరం నుంచి కిందికి దిగే వాలు గీతలు 4, ఒక్కోదాని మీద 5 కూడళ్లు. అడ్డగీతలు 3, ఒక్కోదాని మీద 6 కూడళ్లు. అట్టడుగు గీత మీద 4. ఎడమ, కుడి అంచుల్లో నిలువు గీతలు 2, ఒక్కోదాని మీద 3. మొత్తం 10 గీతలు. ఒక్కో గీతను కూడళ్ల సంఖ్యల వరుసగా రాస్తే చాలు, మిగతాది కోడ్ లెక్క కట్టుకుంటుంది. వరుసలో పక్కపక్కన ఉన్న జంటలన్నీ నడక దారులు, అవి 38 రావాలి. వరుసగా ఉన్న మూడేసి కూడళ్లన్నీ దూకే దారులు, అవి 28 రావాలి, ఒక్కోటి రెండు దిక్కులా పనిచేస్తుంది. ప్రోగ్రామ్ మొదలవగానే ఈ రెండు లెక్కలు సరిచూసే రెండు వాక్యాలు రాసి పెట్టండి. ఏ గీతలోనైనా ఒక సంఖ్య ఎగిరిపోతే అక్కడే పట్టుబడుతుంది. రేపు ఇంకో పటం పెట్టాలనుకుంటే ఆ గీతల జాబితా ఒక్కటే మారుతుంది.

ఆట స్థితిని, తెరను విడదీయడం కూడా ఇప్పుడే చేయాలి. ఏ కూడలిలో ఏముంది, ఎవరి వంతు, చేతిలో ఎన్ని మేకలు మిగిలాయి, ఎన్ని పోయాయి అన్నది ఒకచోట ఉండాలి. బొమ్మలు, కదలికలు, శబ్దాలు దాన్ని చూసి నడుచుకోవాలి. ఇలా చేస్తే ఎత్తు వెనక్కి తీసుకోవడం, ఆటను భద్రపరచడం, కంప్యూటర్ తనలో తాను ఆడుకోవడం మూడూ దాదాపు ఉచితంగా వస్తాయి.

ఇంతవరకు వచ్చాక ఒకే ఫోను మీద ఇద్దరు ఆడగలగాలి. ఇక్కడ ఆగి ఆడించండి. నచ్చకపోతే ఆలోచన మార్చుకోవడానికి ఇదే చవకైన సమయం. సెలెస్ట్ అనే పేరున్న ఆట 2015లో పీకో–8 అనే బుల్లి వేదిక మీద నాలుగు రోజుల్లో చేసిన ముక్కగా మొదలైంది. ఆ ముక్క బాగుంది కాబట్టే పూర్తి ఆట కట్టారు, అది 2018 జనవరిలో వచ్చింది. ఇలాంటి ముక్కలు చేయడం అలవాటు కావాలంటే గేమ్ జామ్‌లు (తక్కువ గడువులో ఆట తయారు చేసే పోటీలు) మంచి సాధన. జనవరిలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్, 48 గంటల్లో ఒంటరిగా ఆట చేసే విభాగం ఉన్న లూడమ్ డేర్ లాంటివి అందరికీ తెరిచే ఉంటాయి.

ఎదురాడే కంప్యూటర్

ఒంటరిగా ఆడేవాళ్లకు ఇదే ఆట గుండెకాయ. కృత్రిమ మేధ అనగానే జడుసుకోనక్కర్లేదు. ఇక్కడ వాడేది మినీమ్యాక్స్ అనే పాత పద్ధతి. నేను ఈ ఎత్తు వేస్తే ఎదుటివాడు వేయగల అత్యుత్తమ ఎత్తు ఏది, దానికి నా జవాబు ఏది అని కొన్ని అంచెలు ముందుకు చూసి, చివరి స్థితికి మార్కులు వేసి, వెనక్కి వచ్చి ఎంచుకోవడం.

అంచెలు పెరిగేకొద్దీ లెక్క పేలిపోతుంది. ఆట మొదట్లో మేక పెట్టడానికి 20 ఖాళీలు ఉంటాయి. పులికి సుమారు 8 ఎత్తులు ఉన్నాయనుకుంటే నాలుగు అంచెలకు 25,600 దారులు, ఆరు అంచెలకు 40 లక్షలు దాటుతాయి. ఆల్ఫా–బీటా అనే కత్తిరింపుతో పనికిరాని దారులను మధ్యలోనే వదిలేయవచ్చు. పటం ఎడమ కుడి ఒకేలా ఉంటుంది కాబట్టి మొదటి ఎత్తుల్లో సగం చూడనక్కర్లేదు కూడా. మామూలు ఫోనుకు నాలుగు అంచెలు చాలు, చాలామంది మనుషులను ఓడిస్తుంది.

మార్కులు వేయడంలోనే మీ పనితనం కనిపిస్తుంది. పోయిన మేకల సంఖ్య పులి వైపు బరువు. చిక్కుకుపోయిన పులుల సంఖ్య మేకల వైపు బరువు. ఈ రెండే పెడితే కంప్యూటర్ మేకలు పిచ్చిగా ఆడతాయి, ఎందుకంటే పులి చిక్కుకునేదాకా వాటికి ఏ ఎత్తైనా ఒకటే. మూడు పులులకూ కలిపి ఎన్ని కదలికలు మిగిలాయో లెక్కించి, అది తగ్గేకొద్దీ మేకలకు కొంచెం మార్కు ఇవ్వండి. వెంటనే వాటి ఆట మారిపోతుంది, వెనక ఆసరా చూసుకుని గుంపుగా కదలడం మొదలుపెడతాయి.

బరువులు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చడానికి కంప్యూటర్‌ను రాత్రంతా తనతో తనను ఆడనివ్వండి. ఉదయానికి వందల ఆటల ఫలితాలుంటాయి. ఒక పక్షమే ఎప్పుడూ గెలుస్తుంటే బరువుల్లో తేడా ఉంది, లేదా మీరు ఎంచుకున్న నియమాల్లో తేడా ఉంది. ఎన్ని మేకలు పోతే ఓటమి అన్న సంఖ్యను అటూ ఇటూ జరిపి చూడవలసింది ఇక్కడే.

తేలిక స్థాయి కోసం యాదృచ్ఛికంగా ఎత్తులు వేయించకండి. ఎదుటివాడు మతి లేకుండా ఆడుతున్నాడని పిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఒక్క అంచె ముందుకే చూసేలా చేసి, అప్పుడప్పుడు రెండో మంచి ఎత్తు వేయిస్తే తెలిసీ తెలియని మనిషిలా ఆడుతుంది. ఈ లెక్కను వేరే థ్రెడ్‌లో (తెర పనికి అడ్డం రాకుండా విడిగా నడిచే వరుసలో) నడపాలి, లేకపోతే కంప్యూటర్ ఆలోచిస్తున్నంతసేపూ తెర బిగుసుకుపోతుంది. జవాబు వెంటనే సిద్ధమైనా అర సెకను ఆగి ఎత్తు వేయించండి. రెప్పపాటులో కదిలే పులిని కన్ను అందుకోలేదు.

వేలికి అనుకూలంగా

కంప్యూటర్ మౌస్‌తో పరీక్షించి బాగుందనుకున్న ఆట ఫోనులో చతికిలపడుతుంది. ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం వేలితో తాకే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలి. మామూలు ఫోను వెడల్పు 360 డీపీ దగ్గర ఉంటుంది. ఆరు కూడళ్ల అడ్డగీతలో సమానంగా పంచితే ఒక్కోదానికి 60 వస్తుంది, బాగానే ఉంది. అయితే పులి–మేక పటంలో వాలు గీతలన్నీ శిఖరం వైపు ముడుచుకుంటాయి. పై అడ్డగీత మీది నాలుగు నడిమి కూడళ్లు ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. సంప్రదాయ పటాన్ని యథాతథంగా గీస్తే వేలు ఒకచోట పెడితే మేక ఇంకోచోట పడుతుంది.

దీనికి రెండు మందులు. శిఖరాన్ని ఇంకా పైకి లాగి పై అడ్డగీతను కిందికి దించితే నాలుగు కూడళ్లకూ చోటు దొరుకుతుంది, పటం ఆకారం చెడదు. రెండోది, వేలు పడిన చోటికి దగ్గరలో ఉన్న కూడలిని కాక, దగ్గరలో ఉన్న చెల్లుబాటయ్యే కూడలిని ఎంచుకోవాలి. పులిని తాకగానే అది వెళ్లగల చోట్లు వెలగాలి.

సెలెస్ట్‌లో కొండ అంచు దాటిన కొన్ని క్షణాల దాకా కూడా గెంతు బటన్ పనిచేస్తుంది. ఆటగాడికి ఆ సంగతి తెలియదు, తాను సరిగ్గానే నొక్కానని అనుకుంటాడు. మంచి ఆటలు ఇలా చాటుగా ఆటగాడి పక్షం వహిస్తాయి.

మేక పెట్టగానే చిన్న టక్కు శబ్దం, పులి దూకేటప్పుడు పావు సెకను గాలిలో వంపు, దిగగానే ఫోను ఒక్కసారి సన్నగా అదరడం. ఇవి చేర్చాక అదే ఆట వేరే ఆటలా అనిపిస్తుంది. ఈ పనికి ఒక వారం కేటాయించండి, బొమ్మల కంటే ముందు.

నోరు మూసుకుని చూడటం

ఆడించి చూసేటప్పుడు ఒకటే నియమం: వివరించకూడదు. ఫోను చేతికిచ్చి వెనక కూర్చోవాలి. వేలు ఎక్కడ తటపటాయించింది, ఏ బటన్‌ను రెండుసార్లు నొక్కారు, ఎప్పుడు తల ఎత్తి మీ వైపు చూశారు, ఇవి రాసుకోవాలి. ఆట ఎలా ఉందని అడిగితే మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి. అడక్కుండానే రెండో ఆట మొదలుపెడితే అది అసలు జవాబు.

కనీసం రెండు రకాల మనుషులు కావాలి. చిన్నప్పుడు అరుగు మీద ఈ ఆట ఆడిన తాతగారో అమ్మమ్మగారో ఒకరు. మేకలు పులిని ఎలా ఓడిస్తాయో ఊహించలేని స్కూలు పిల్ల ఒకరు. మొదటివారు మీ నియమాల్లో తప్పులు పడతారు. రెండోవారు మీ పాఠంలో తప్పులు పడతారు.

పాఠం అంటే నియమాల పేజీ కాదు, దాన్ని ఎవరూ చదవరు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి తెరలో ఒక చిన్న శత్రువు నడుచుకుంటూ ఎదురొస్తుంది. గెంతకపోతే చస్తారు, గెంతితే నెత్తిన ఉన్న డబ్బా తగిలి నాణెం వస్తుంది. ఒక్క మాట రాయకుండా రెండు సంగతులు నేర్పారు. మనం కూడా మూడు బుల్లి స్థితులు ఇవ్వవచ్చు. మొదటిదాంట్లో పులికి ఒకే ఒక దూకుడు ఉంటుంది, వేయమనాలి. రెండోదాంట్లో మేక వెనక ఇంకో మేకను పెట్టి కాపాడమనాలి. మూడోదాంట్లో ఒక్క మేకతో చివరి పులి దారి మూయమనాలి. నిమిషంలో ఆట వచ్చేస్తుంది.

అన్ని వింతలూ దోషాలు కావని కూడా గుర్తుంచుకోవాలి. 1978లో తొమొహిరో నిషికాదో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. గీయాల్సినవి తగ్గడంతో ఆ కాలపు యంత్రం చురుగ్గా నడిచింది, అంతే. అది ఆటకు ఉత్కంఠ ఇచ్చిందని గమనించి అలాగే ఉంచేశాడు.

బొమ్మలు, శబ్దాలు, అక్షరాలు

ఇప్పుడు అందం. ఒక పటం, ఒక పులి, ఒక మేక, నాలుగు బటన్లు, ఒక ఐకాన్. గీయడం రాకపోతే గీసేవారికి డబ్బిచ్చి చేయించుకుని, వాడుకునే హక్కు ఉందని కాగితం మీద రాయించుకోండి. సీసీ0 (ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనే) లైసెన్సు ఉన్న ఉచిత బొమ్మలు, శబ్దాలు దొరుకుతాయి. లైసెన్సులో "వాణిజ్యేతర" అని ఉంటే ప్రకటనలు పెట్టిన ఆటలో అవి వాడకూడదు. సినిమా పాట ముక్క, ఇంటర్నెట్‌లో దొరికిన పులి ఫోటో వద్దు.

ఫాంటుకు నోటో సాన్స్ తెలుగు ఉంది. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మల్లన్న, ధూర్జటి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు వరుసకు పైనా కిందా ఎక్కువ ఎత్తు కావాలి. ఇంగ్లీషుకు సరిపోయిన బటన్‌లో ఒత్తుల కింది భాగం తెగిపోతుంది.

ఆల్ఫా, బీటా, పనికిరాని ఫోను

అన్ని పనులూ ఉన్నాయి గానీ గరుకుగా ఉన్నాయంటే ఆల్ఫా. కొత్తవి చేర్చడం ఆగిపోయి దోషాలు దిద్దడమే మిగిలిందంటే బీటా. ఆటలు ఎక్కువగా చచ్చిపోయేది ఈ రెంటి మధ్యే. పని విసుగు పుట్టిస్తుంది, కొత్త ఆట ఆలోచన ఊరిస్తుంది. దోషాల జాబితా రాసుకుని మూడు కుప్పలు చేయండి: ఆట ఆగిపోయేవి, ఆట తప్పుగా నడిచేవి, కంటికి నచ్చనివి. మొదటి రెండు కుప్పలూ ఖాళీ అవ్వాలి. మూడో కుప్ప ఎప్పటికీ ఖాళీ కాదు.

ఇంట్లో మూలపడ్డ పాత ఫోను ఒకటి తీయండి, పరీక్ష దాని మీదే. సైబర్‌పంక్ 2077 ఆట 2020 డిసెంబరు 10న విడుదలైనప్పుడు మంచి కంప్యూటర్లలో నడిచింది, పాత తరం కన్సోళ్ల మీద మాత్రం కుప్పకూలింది. సుమారు వారానికే సోనీ దాన్ని తన స్టోర్‌ నుంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి రానివ్వలేదు. అంత పెద్ద సంస్థకే ఆ గతి పట్టింది.

ఆట మధ్యలో ఫోన్ కాల్ వస్తే? తెర ఆర్పేస్తే? ఆండ్రాయిడ్ మెమరీ కోసం మీ ఆటను చంపేస్తే? ప్రతి ఎత్తు తర్వాత స్థితిని భద్రపరిస్తే ఈ మూడింటికీ ఒకటే జవాబు. వెనక్కి బటన్ నొక్కితే ఏమవ్వాలో నిర్ణయించండి. బ్యాటరీ కూడా చూడండి. తెర కదలని ఆటకు సెకనుకు 60 సార్లు గీయడం దండగ. గోడోలో లో ప్రాసెసర్ మోడ్ పెడితే ఏదైనా మారినప్పుడే గీస్తుంది, ఫోను వేడెక్కదు.

పెద్ద జట్లలో ఈ పనికి వేరే మనుషులుంటారు. క్యూఏ అంటే రోజంతా ఆటను విరగ్గొట్టే ప్రయత్నం చేసేవారు, ప్రొడ్యూసర్ అంటే గడువులు, పనుల వరుస చూసేవారు. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో ఉంది, క్రికెట్ ఆట చేసే హిట్‌వికెట్ ఉంది. పరిశ్రమలో అడుగు పెట్టాలనుకునేవారికి పూర్తి చేసి విడుదల చేసిన చిన్న ఆట, సగంలో ఆగిన పెద్ద ఆట కంటే గట్టి అర్హత.

దుకాణంలోకి

ప్లే స్టోర్ డెవలపర్ ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక మెలిక ఉంది: కనీసం 12 మంది 14 రోజులు ఆపకుండా మూసిన పరీక్షలో (మీరు పిలిచినవాళ్లే ఆడి చూసేది) ఉంటేనే అందరికీ విడుదల చేసేందుకు దరఖాస్తు చేసుకోనిస్తారు. మధ్యలో ఇద్దరు వెళ్లిపోతే లెక్క మళ్లీ మొదటికి రావచ్చు, కాబట్టి ఇరవై మందిని చేర్చుకోండి. ఆల్ఫా నుంచే బంధుమిత్రుల జాబితా సిద్ధం చేసుకోవడం మేలు.

మిగతావి కాగితాల పని. ఆటను ఏఏబీ (ఆండ్రాయిడ్ యాప్ బండిల్) రూపంలో ఎక్కించాలి. 512×512 ఐకాన్, 1024×500 బ్యానర్, తెర ఫోటోలు ఇవ్వాలి. గోప్యతా విధానం పేజీ లింకు, ఏ సమాచారం సేకరిస్తున్నారన్న ఫారం, వయసు రేటింగ్ ప్రశ్నావళి నింపాలి. లక్ష్యంలో పిల్లలు కూడా ఉన్నారని గుర్తు పెడితే ప్రకటనల మీద కఠిన నియమాలు వర్తిస్తాయి. మొదటి ఆటకు ప్రకటనలే పెట్టకపోతే ఈ తలనొప్పిలో సగం తగ్గుతుంది. సంతకానికి వాడే కీ ఫైలును రెండు చోట్ల దాచుకోండి.

తెర ఫోటోల్లో మొదటిది ఖాళీ మెనూ కాకూడదు. పులి మేక మీదుగా గాలిలో ఉన్న క్షణం పెట్టండి.

కంప్యూటర్ ఆటలకైతే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం. ఆటకు 100 డాలర్లు కట్టాలి, కట్టిన 30 రోజుల దాకా విడుదల కుదరదు, "త్వరలో వస్తోంది" పేజీ కనీసం రెండు వారాలు అందరికీ కనిపించాలి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడినవారు డబ్బు వెనక్కి అడగవచ్చు. కాబట్టి రెండు గంటల లోపు ముగిసే ఆటను అక్కడ అమ్మాలంటే ఆలోచించుకోవాలి. ఇచ్.ఐఓ అనే సైటులో ఏ రుసుమూ లేకుండా పెట్టవచ్చు. ప్రోటోటైప్‌ను బ్రౌజర్‌లో ఆడించి చూడటానికి అదే సులువు.

విడుదలైన మొదటి వారం

ఆ వారం కొత్త పని పెట్టుకోకండి. ప్లే కన్సోల్‌లో (ప్లే స్టోర్ డెవలపర్ల పేజీలో) ఏ ఫోన్లలో ఆట కూలిపోతోందో కనిపిస్తుంది. ఒకే రకం ఫోన్లలో కూలుతుంటే ముందు అది దిద్దండి. మా ఊళ్లో ఇలా ఆడరని సమీక్షలు తప్పకుండా వస్తాయి. వాటికి మర్యాదగా జవాబిచ్చి, ఏ నియమం గురించి ఎందరు అడిగారో లెక్క పెట్టుకోండి. ఎక్కువమంది అడిగినది తర్వాతి అప్‌డేట్‌లో సెట్టింగుగా చేర్చవచ్చు, మొదట్లో పక్కన పెట్టిన ఆశ అప్పుడు తీరుతుంది. అప్‌డేట్లను ఒకేసారి అందరికీ కాక ముందు 10 శాతం మందికి పంపే వీలుంది. వాడుకోండి.

ఆన్‌లైన్‌లో ఇద్దరు ఆడేలా చేయమని కూడా అడుగుతారు. దానికి సర్వర్లు, ఖాతాలు, మధ్యలో వదిలేసి పోయే ఆటగాళ్లు, నెలనెలా ఖర్చు ఉంటాయి. అది అప్‌డేట్ కాదు, ఇంకో ఆట అంత పని. దానికి బదులు మెనూ, భద్రపరచడం, పాఠం, శబ్దాల కోడ్ అలాగే ఉంచి గీతల జాబితాలో దాడి అనే పాత కాయల ఆట పటం వేసి చూడండి. పావులు పెట్టే, కదిపే పద్ధతి చాలావరకు పనికొస్తుంది, దూకుడు బదులు మూడు వరుసగా చేరితే ఎదుటివారి కాయ తీసేయడం కొత్తగా రాయాలి.